ముగ్గురు అడిగారు, డబ్బు ఒక్కరికే: ఎవరికివ్వాలి?

ప్రాణహిత గట్టు
అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలోని సిరొంచ. ఇక్కడి తెలుగువాళ్ళం కొందరం దసరా చందాల్లో మిగిలిన డబ్బును ఏటా పై చదువుకు వెళ్ళే ఒకరికి ఇస్తుంటాం. ఈసారి మిగిలింది 60,000 రూపాయలు. ముక్కలు చేస్తే ఎవరికీ అక్కరకు రాదని మా పెద్దల పట్టుదల. ఇన్నాళ్ళూ నర్సింగ్ ఫీజో ఐటీఐ ఫీజో అడిగేవారు కాబట్టి తల బద్దలు కొట్టుకునే పని ఉండేది కాదు. ఈసారి వచ్చిన ముగ్గురూ పరిశోధన అంటున్నారు.

ఒక అబ్బాయిది రాజకీయ శాస్త్రం. జీవతి తాలూకా కొండల మీద మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావే అనే ఊళ్ళున్నాయి కదా, రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్న ఆ జనం ఓటు ఎలా నిర్ణయించుకుంటారో తెలుసుకుంటాడట. ఒక అమ్మాయిది ఫిజిక్స్. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని గుద్దుకున్నప్పుడు ఏం జరుగుతుందో కంప్యూటర్లో అనుకరించి చూస్తుందట. ఇంకో అమ్మాయి గర్భిణుల వైద్యంలో, కడుపులోని బిడ్డ వయసును స్కానింగ్‌తో సరిగ్గా లెక్కగట్టడం మీద పని చేస్తానంటోంది.

కమిటీలో ఆరుగురం. నలుగురు గర్భిణుల వైద్యం అమ్మాయికే అన్నారు, అయిదు నిమిషాల్లో అయిపోయింది. నాకు మాత్రం మనసొప్పలేదు. ఎందుకంటే చెప్పలేకపోయాను. ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. మీరేమంటారు?

బల్లార్షా కార్మికుడు
అన్నా, ఇందులో తేల్చడానికి ఏముంది? చందా ఇచ్చినవాళ్ళు ఎవరు? కాగితం మిల్లులో, బొగ్గు గనుల్లో ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళు. ఆ డబ్బు ఆకాశంలో కిరణాలకు పోస్తే వచ్చే దసరాకు ఏ ముఖంతో రసీదు పుస్తకం పట్టుకుని తిరుగుతారు? గర్భిణులకివ్వండి, పుణ్యం కూడా.

ఇక ఓటు శాస్త్రమంటారా, 2024 జూన్ 1 సాయంత్రం టీవీ చూశాం కదా. ఎన్డీయేకు 350 దాటుతాయని దాదాపు అందరూ, 400 కూడా దాటుతాయని కొందరు. నాలుగో తేదీన వచ్చినవి 293. ఆ విద్యకు మళ్ళీ మన అరవై వేలా!

పాత లెక్కలాయన
ఎగ్జిట్ పోల్‌ను పరిశోధన అనకండి. అది అమ్మకానికి పెట్టిన అంచనా. వ్యాపారం మునిగితే విద్యను తిట్టడం ఏమిటి? మన దేశంలో ధనికుల కన్నా పేదలే ఎక్కువగా ఓటు వేస్తున్నారని 1990ల నాటి సర్వేలు చూపించాయి. అప్పటిదాకా చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళే ఎక్కువ వేస్తారని పాశ్చాత్యుల పుస్తకాలు చెప్పింది ఇక్కడా వల్లించేవాళ్ళం. ఎవరో వెళ్ళి అడిగారు కాబట్టే ఆ వల్లెవేత ఆగింది.

ఓటు, కిరణం అని మీరు విడదీసిన రెండు విషయాలు ఒకచోట కలిసిన ముచ్చట కూడా ఒకటి ఉంది. 2003లో బెల్జియంలోని షార్బేక్ అనే చోట యంత్రాలతో ఓటింగ్ జరిగింది. ఒక అభ్యర్థికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. తిరిగి లెక్కిస్తే ఎక్కువగా వచ్చినవి సరిగ్గా 4,096. రెండును పన్నెండుసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య అది. అంటే కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక్క బిట్ సున్నా నుంచి ఒకటికి తిరగబడింది. ప్రోగ్రాంలో తప్పేమీ దొరకలేదు. కాస్మిక్ కిరణం తగిలి ఉండవచ్చన్నారు. రుజువు చేసే దారి లేదు, కిరణం సంతకం పెట్టి పోదు కదా.

బల్లార్షా కార్మికుడు
అంటే మా వార్డులో మావాడు ఓడిపోయింది కూడా కిరణం వల్లేనా?

నిర్వాహకుడు
ఓటింగ్ యంత్రాల తగాదా ఇక్కడ మొదలుపెట్టవద్దు. దానికి వేరే చర్చ ఉంది, అది మూడేళ్ళుగా నడుస్తూనే ఉంది.

జీవతి మాస్టారు
ఆ కొండ ఊళ్ళలో పదకొండేళ్ళు పని చేసినవాణ్ణి. ఆ అబ్బాయి గురించి రెండు మాటలు.

మా ఊళ్ళో మరాఠీ బడీ ఉంది, తెలుగు బడీ ఉంది. రేషన్ అటూ వస్తుంది, ఇటూ వస్తుంది. 2024లో చంద్రపూర్ లోక్‌సభ స్థానానికి ఏప్రిల్ 19న పోలింగ్, ఆదిలాబాద్‌కు మే 13న. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదని 1950 నాటి చట్టం చెబుతోంది. ఆ పిల్లవాడు నోటుపుస్తకం తీసుకుని వెళ్ళి "తాతా, మీరెన్నిసార్లు వేశారు?" అంటే ఏమంటారు? "ఒక్కసారే బాబూ" అంటారు. ఇంకో ఊళ్ళోనూ అంతే. చివరికి నూటికి నూరు మంది చట్టాన్ని పాటించారని పట్టిక వేసి డాక్టరేటు తెచ్చుకుంటాడు. అదీ కాకుండా ఎవడో ఒకడు నిజం చెప్పాడనుకోండి, ఆ నిజం అచ్చయితే పోయేది ఎవరి కార్డు? ఎవరి రేషన్?

అలాగని వద్దనడం లేదు. నాకు తెలిసిన ఒక పెద్దాయన రెండు కార్డులనూ యూరియా సంచి ముక్కలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టుకుంటాడు. మరాఠీ కార్డు ప్రకారం వయసు 58, తెలుగు కార్డు ప్రకారం 63. ఏది నిజమని అడిగితే "ఏ ఆఫీసుకు వెళ్ళాలి?" అని నన్నే అడిగాడు. ఆయనకు ఓటు పార్టీ కోసం కాదు. తానిక్కడ ఉన్నానని సర్కారు రాసిచ్చిన రసీదు. ఆ రసీదు పాతబడకుండా అయిదేళ్ళకోసారి ముద్ర వేయించుకుంటాడు, అటూ ఇటూ. ఇది ఏ సర్వే ప్రశ్నకూ దొరకదు. ఆ అబ్బాయి ఏడాది అక్కడే ఉండి, ఎన్నిసార్లు వేశారన్న ప్రశ్న అడగకుండా, ఊరి పేరు, మనిషి పేరు రాయకుండా పని చేస్తానంటే నా ఓటు అతనికే. (నాది ఒక్కటే ఓటు, రాజూరా జాబితాలో ఉంది.)

నాగ్‌పూర్ మెస్సు
ఫిజిక్స్ అమ్మాయి తరఫున మాట్లాడేవాళ్ళు లేరా? కాస్మిక్ కిరణాల నుంచి పుట్టే మ్యూయాన్ కణాలతోనే ఈజిప్టులో ఖుఫు పిరమిడ్ లోపల పెద్ద ఖాళీ ఉందని 2017లో కనిపెట్టారు, ఒక్క రాయి కదపకుండా. రేపు మన బొగ్గు గనుల్లో పైకప్పు ఎక్కడ డొల్లో చూడవచ్చు. బల్లార్షా అన్నా, అప్పుడు పుణ్యం మీ గనికే.

గోరంత
ఆ ఫిజిక్స్ అమ్మాయిని నేనే. దాక్కుని చదవడం బాగుండలేదు.

మెస్సు అన్నయ్యకు కృతజ్ఞతలు, కానీ ఆ పైకప్పు మాట నా దరఖాస్తులో లేదు. నేను చేయబోయేది అది కాదు. గని పేరు చెప్పి డబ్బు తీసుకుంటే తరువాత గనికి జవాబు చెప్పాలి.

పని ఏమిటంటే, మీ చిటికెనవేలి గోరు మీద నుంచి నిమిషానికి ఒక మ్యూయాన్ దూసుకుపోతుంది. చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి. ఇది చదువుతున్నంతసేపూ పోతూనే ఉంటాయి. ఎక్కడో బయలుదేరిన ఒక ప్రోటాన్ పైగాలిని గుద్దుకుని ముక్కలవుతుంది, ఆ ముక్కలు మళ్ళీ గుద్దుకుంటాయి. కిందికి వచ్చేసరికి జల్లు. శక్తి చాలా ఎక్కువైతే కోట్ల కణాలు. పైన ఏం జరిగిందో ఎవరూ చూడలేరు, నేల మీద తడి చూసి మబ్బును ఊహించినట్టు. అందుకే జల్లును కంప్యూటర్లో కణం కణంగా కురిపిస్తారు. జర్మనీలోని కార్ల్స్‌రూహేలో రాసిన కోర్సికా అనే ప్రోగ్రాం దీనికి పేరుపడ్డది.

చిక్కేమిటంటే లెక్క తప్పుతోంది. అర్జెంటీనాలో మూడు వేల చదరపు కిలోమీటర్ల మేర నీటి తొట్లు పరిచి లెక్కపెడుతున్నారు. కంప్యూటర్ చెప్పినదానికన్నా నేల మీద మ్యూయాన్లు ఎక్కువ పడుతున్నాయి. ఎందుకో ఇంకా తేలలేదు. నేను కూర్చోవాలనుకుంటున్నది ఆ తేడా దగ్గర.

ఉపయోగం అడిగితే నిజం ఒక్కటే చెప్పగలను. ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగశాలలో 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మబ్బు దాటుతుండగా మ్యూయాన్లు తగ్గాయి. ఎంత తగ్గితే మబ్బులో ఎంత వోల్టేజి ఉండాలో సిమ్యులేషన్‌తో లెక్కగడితే 130 కోట్ల వోల్టులు తేలింది. ఆ లెక్క వల్ల ఒక్క పిడుగు ఆగలేదు.

బల్లార్షా కార్మికుడు
అమ్మా, నువ్వు వింటున్నావని తెలిస్తే కాస్త మర్యాదగా రాసేవాణ్ణి. నా మాట మాత్రం మారలేదు.

ఆశాతాయి
ఇంతమంది గర్భిణుల పేరు చెబుతున్నారు, గర్భిణుల ఇళ్ళకు తిరిగే నేను కూడా చెప్పాలి కదా. సిరొంచ వైపే మాది, ఊరి పేరు వద్దు.

మా దగ్గర ఒకామె ఉంది, రెండో కాన్పు. మొదటిసారి రాసుకునేటప్పుడు చివరి నెలసరి ఎప్పుడని అడిగాను. తేదీ ఎవరికి గుర్తుంటుంది? "పోళా ముందు, ఎద్దుల కొమ్ములకు రంగు తేవడానికి మా ఆయన సంతకు వెళ్ళినరోజు" అంది. సంత వారం పట్టుకుని, క్యాలెండర్ తిరగేసి, జూన్ 5 అని కాన్పు తేదీ వేశాను. అయిదో నెల దాటాక అహేరి వైపు తీసుకువెళ్ళి స్కానింగ్ చేయిస్తే కాగితం మీద మే 24 అని వచ్చింది. ఎనిమిదో నెలలో గోదావరి వంతెన దాటి అటు తెలంగాణలో ఇంకో స్కానింగ్. అక్కడ జూన్ 18! ఒకే తల్లి, ఒకే బిడ్డ, మూడు తేదీలు. మాస్టారూ, మీ తాతగారికి రెండు వయసులే.

ఇది నవ్వుకోవడానికి కాదు. చివరి స్కానింగ్‌లో బిడ్డ చిన్నగా కనిపించింది. నెలలు తక్కువై చిన్నదా, ఎదుగుదల లేక చిన్నదా? మొదటిదైతే ఆగాలి. రెండోదైతే ఆగకూడదు.

నెలలు నిండకముందు నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. శిక్షణలో మా డాక్టరుగారు దాని కథ చెప్పారు. న్యూజీలాండ్‌లో లిగిన్స్ అనే ఆయన గొర్రెలకు ఈత నొప్పులు ఎలా మొదలవుతాయో చూస్తున్నాడు. బిడ్డల ఊపిరి ఆయన ఆలోచనలోనే లేదు. నెలలు చాలని, చావవలసిన గొర్రెపిల్లలు ఊపిరి తీసుకోవడం గమనించాడు. అక్కడి నుంచి తల్లుల మీద పరీక్షించి 1972లో హోవీతో కలిసి ప్రచురించాడు. బల్లార్షా అన్నా, అప్పుడు మీరు కమిటీలో ఉంటే గొర్రెల ఈత నొప్పులు చూసేవాడికి పైసా ఇచ్చేవారా?

అయినా మందు మంచిదైనంత మాత్రాన అయిపోలేదు. 2015లో అచ్చయిన ఒక పరీక్షలో మన దేశంతో సహా ఆరు దేశాల పల్లెల్లో దాన్ని విరివిగా ఇచ్చి చూస్తే పసిబిడ్డల మరణాలు తగ్గకపోగా మొత్తం మీద పెరిగాయి, వెయ్యికి 24 నుంచి 27 దాకా. ఇంజెక్షన్ పడిన తల్లుల్లో చాలామందికి నిజానికి నెలలు తక్కువ కాదు. 2020లో అచ్చయిన ఇంకో పరీక్షలో స్కానింగ్‌తో నెలలు తేల్చుకుని, వసతులున్న ఆసుపత్రుల్లో ఇచ్చి చూస్తే ఫలితం తిరగబడింది. నెలలు బాగా తక్కువైన బిడ్డల్లో మరణాలు నూటికి 23.5 నుంచి 19.6కు తగ్గాయి. మందు అదే. తేదీ తెలియడం, ఆసుపత్రి ఉండటం వేరు.

మన స్కానింగ్ యంత్రాల్లో ఉన్న సూత్రాలు పాశ్చాత్య దేశాల తల్లుల కొలతలతో కట్టినవి. గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రి గర్భిణుల కొలతలతో మద్రాసు ఐఐటీవాళ్ళు ఇంకొందరితో కలిసి మన దేశానికి ఒక సూత్రం కట్టి 2024లో ప్రకటించారు. మంచిదే. కానీ గురుగ్రామ్ తల్లి, మా మాడియా గిరిజన తల్లి ఒకటేనా? ఎత్తు, బరువు, తిండి, రక్తం ఏదీ ఒకటి కాదు. కాబట్టి ఆ అమ్మాయిని అడగండి: కొలతలు ఎక్కడ తీసుకుంటావు? నాగ్‌పూర్ ఆసుపత్రిలో కూర్చుని తీసుకుంటే దరఖాస్తు మీద "గర్భిణి" అని ఉన్నంత మాత్రాన నేను చేయి ఎత్తను.

మన గడ్చిరోలిలోనే అభయ్ బంగ్, రాణీ బంగ్ 39 ఊళ్ళలో ఊరి ఆడవాళ్ళకే నేర్పి, ఇంటి దగ్గరే పసిబిడ్డలను చూసుకునేలా చేశారు. మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నేను ఇవాళ ఇంటికి వెళ్ళి గడియారం పెట్టుకుని పసిబిడ్డ ఊపిరి లెక్కపెడుతున్నానంటే అది అక్కడి నుంచి వచ్చిన పద్ధతే. ఇల్లిల్లూ తిరిగి చావులు లెక్కపెట్టడంతో మొదలైన పని. తిరగనివాళ్ళకు ఆ లెక్క దొరికేది కాదు.

పాత లెక్కలాయన
తాయి, నలభై ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పాను. మూడు తేదీల ఉదాహరణ నా దగ్గర లేకపోయింది.

ప్రాణహిత గట్టు
ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. కొలతలు నాగ్‌పూర్‌లోనే అట. గైడు అక్కడ, యంత్రం అక్కడ. ఇక్కడికి వచ్చి తీయాలంటే యంత్రం కదలదు, రిజిస్టర్ చేసిన చోటే స్కానింగ్ చేయాలని 1994 చట్టం, ఆడపిల్లలను కడుపులోనే చంపకుండా పెట్టినది. తప్పు పట్టలేం. అయితే అహేరి, సిరొంచల నుంచి తల్లులను మొదటి మూడు నెలల్లోనే తీసుకువస్తే వాళ్ళనూ చేర్చుకుంటానంది. దారి ఖర్చు, వెంట వచ్చే మనిషి కూలి ఎవరు పెట్టుకోవాలన్నదే ప్రశ్న.

జీవతి అబ్బాయి మాస్టారు పెట్టిన షరతులకు ఒప్పుకున్నాడు. కాకపోతే ఎన్నిసార్లు వేశారన్న ప్రశ్న లేకుండా తన గైడు ఒప్పుకోడేమోనని భయపడుతున్నాడు.

కమిటీ ఇప్పుడు మూడు, మూడు. నలుగురిలో ఒకాయన ఇటు వచ్చాడు, ఎవరికివ్వాలో తెలియదట, అంత తొందరగా తేల్చకూడదన్నది మాత్రం తెలిసిందట.

గోరంత
నా దరఖాస్తు ఈ ఏటికి పక్కన పెట్టండి. నేను పరిశోధకులకు సర్కారు ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ పరీక్ష రాశాను, వస్తే నెలకు 37,000. రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాను. అప్పుడు కూడా గని పేరు చెప్పను.

బల్లార్షా కార్మికుడు
వచ్చే ఏడు అడుగమ్మా. నేను వద్దనే అంటాను, కానీ పూర్తిగా విన్నాక అంటాను. తల్లుల దారి ఖర్చుకైతే మా షిఫ్టువాళ్ళ దగ్గర కొంత పోగుచేస్తాను, దసరా డబ్బుతో సంబంధం లేకుండా. తాయి, ఆదివారం మీరు కమిటీకి వచ్చి ఈ గొర్రెల కథ మళ్ళీ చెప్పాలి.

ఆశాతాయి
ఆదివారం నేను రాలేను. సంచి సర్దిపెట్టాను. మూడు కాగితాల్లో ఏదీ ఆదివారం అనడం లేదు, కానీ నిన్న సాయంత్రం ఆమె నడక చూశాను.