మీడియం వేవ్‌లో 65 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో రొద: ఇంట్లో దాని మూలాన్ని పట్టుకోవడం ఎలా?

ప్రశ్న

బ్యాటరీలతో నడిచే చిన్న రేడియోలో మీడియం వేవ్, షార్ట్ వేవ్ ప్రసారాలు వింటుంటాను. కొంతకాలంగా మీడియం వేవ్‌లో 585, 650, 715, 780 కిలోహెర్ట్జ్‌ల దగ్గర జుమ్మనే రొద గట్టిగా వినిపిస్తోంది, వాటి నడుమ మాత్రం బాగా తగ్గుతోంది. షార్ట్ వేవ్ దిగువ బ్యాండ్లలోనూ ఇదే తంతు. ఎఫ్‌ఎం శుభ్రంగానే ఉంది. రేడియోను ఇల్లంతా తిప్పి చూస్తే స్విచ్ బోర్డు దగ్గరా, ఫ్రిజ్ వెనకా, వైరు ఉన్న ప్రతి గోడ పక్కనా రొద పెరుగుతోంది కాబట్టి ఏ ఒక్క వస్తువునూ వేలెత్తి చూపలేకపోతున్నాను. ఎల్‌ఈడీ బల్బులన్నీ ఆర్పినా తేడా కనిపించలేదు. మూలాన్ని ఒక పద్ధతి ప్రకారం పట్టుకోవడం ఎలాగో అనుభవమున్నవారు చెప్పగలరా?

మొదటి సమాధానం

మీరిచ్చిన అంకెల్లోనే సగం జవాబు ఉంది. ఆ నాలుగూ 65 గుణిజాలు. అంటే ఎక్కడో ఒక స్విచింగ్ పవర్ సప్లై సెకనుకు సుమారు 65 వేల సార్లు కరెంటును తెంపుతూ కలుపుతూ ఉంది. దాని తొమ్మిదో, పదో, పదకొండో, పన్నెండో హార్మోనిక్‌లను, అంటే ఆ 65కు అన్ని రెట్లుండే ఫ్రీక్వెన్సీలను, మీరు వింటున్నారు. చార్జర్లు, అడాప్టర్లలో వాడే కంట్రోల్ చిప్‌లు చాలావరకు ఈ 65 కిలోహెర్ట్జ్‌ల దగ్గరే పనిచేస్తాయి. వెలుతురు తగ్గించి పెంచే లైట్ డిమ్మర్ అయితే ఇలా మెట్లు మెట్లుగా కాకుండా బ్యాండంతా పరుచుకున్న గరగర వస్తుంది. పైకి వెళ్లే కొద్దీ హార్మోనిక్‌ల బలం తగ్గుతుంది, పైగా ఎఫ్‌ఎం రిసీవర్ తరంగపు ఎత్తులో వచ్చే హెచ్చుతగ్గులను పట్టించుకోదు, కాబట్టి అక్కడ మీకు ఇబ్బంది లేదు.

వాసన పట్టినట్టు గోడల వెంట తిరగడం మాత్రం ఇప్పుడే వద్దు. ఆ అడాప్టర్ పుట్టించే రొద మెయిన్స్ వైర్లలోకి ఎక్కి, ఇంటి వైరింగంతా యాంటెన్నాగా మారుతుంది. అందుకే ప్రతి గోడా దోషిలా కనిపిస్తోంది. రొద ఉన్న సమయంలోనే, రేడియోను బ్యాటరీల మీద 650 దగ్గర ఉంచి, కంప్యూటర్ల వంటివి పద్ధతిగా ఆపేశాక మెయిన్ స్విచ్ ఆపండి. రొద ఆగిపోతే మూలం మీ ఇంట్లోనే ఉన్నట్టు. ఆగకపోతే పొరుగున ఉన్నదని వెంటనే తేల్చేయకండి. యూపీఎస్, ఇన్వర్టర్ లాంటివి మెయిన్స్ పోయిన క్షణం నుంచి బ్యాటరీతో పనిచేస్తాయి, కొన్ని అప్పుడే ఎక్కువ రొద చేస్తాయి కూడా. వాటిని విడిగా ఆపాలి. తర్వాత మెయిన్ వేసి, బ్రేకర్లన్నీ దించి, ఒక్కొక్కటే ఎక్కిస్తూ వినండి. దోషి ఉన్న సర్క్యూట్ దొరికాక దాని మీది ప్లగ్గులను ఒక్కొక్కటిగా పీకేయాలి. రిమోట్‌తో ఆపిన పరికరంలో స్టాండ్‌బై సప్లై ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి ప్లగ్గు పీకడమే సరైన పరీక్ష.

రెండో సమాధానం

పైవారు చెప్పిన వరుసే సరైనది, అయితే రెండు విషయాలు చేర్చాలి. రేడియోలో శబ్దాన్ని తనంతట తానే సమం చేసే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ బలమైన రొదనూ, దానికంటే బలమైన రొదనూ ఒకేలా వినిపింపజేస్తుంది. అందువల్ల సర్క్యూట్ తెలిశాక దగ్గర నుంచి వెతికేటప్పుడు రొద బలహీనంగా ఉన్న పై హార్మోనిక్‌కు మారండి. చెవికి తేడా అప్పుడే తెలుస్తుంది. రెండోది, మీడియం వేవ్‌కు రేడియో లోపల యాంటెన్నాగా ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థపు కడ్డీ ఉంటుంది, దాని కొన మూలం వైపు తిరిగినప్పుడు రొద దాదాపు మాయమవుతుంది. షార్ట్ వేవ్ సాధారణంగా బయటికి లాగే యాంటెన్నా మీద నడుస్తుంది కాబట్టి ఈ ఉపాయం అక్కడ పనికిరాదు. ఇంటి లోపల వైర్ల మధ్య ఈ దిశ మోసం చేస్తుంది కూడా, ఆరుబయట మాత్రం నమ్మవచ్చు.

ఒకేసారి రెండు మూడు పరికరాలు రొద చేయడం మామూలే. ఒకదాన్ని ఆపినా మిగతావి కప్పేయడంతో అది నిర్దోషి అనిపిస్తుంది. మీ ఎల్‌ఈడీ బల్బుల విషయంలో అదే జరిగి ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మెయిన్ ఆపగానే ఆ జుమ్మనే రొద ఆగింది. బ్రేకర్ల వరుసలో వెళితే ఇంటర్నెట్ రౌటర్ అడాప్టర్ దగ్గర తేలింది. ప్లగ్గు పీకితే నాలుగు చోట్లా ఒకేసారి నిశ్శబ్దం. అయితే అది పోయాక, ఇంతకాలం దాని కింద దాగిన ఒక సన్నని గరగర బయటపడింది. అది మెయిన్ ఆపినా ఉంది, ఇంట్లో యూపీఎస్ గానీ ఇన్వర్టర్ గానీ లేవు. ఈ అడాప్టర్ వైరుకు రొదను అడ్డుకునే ఫెర్రైట్ పూస తగిలిస్తే సరిపోతుందా, అడాప్టర్‌నే మార్చాలా?

మొదటి సమాధానం రాసినవారు

మార్చడమే మేలు. అవే వోల్టులు, అంతే లేదా అంతకంటే ఎక్కువ కరెంటు, అదే పోలారిటీ (ప్లగ్గులో ప్లస్, మైనస్‌ల అమరిక) ఉన్న మంచి తయారీ అడాప్టర్ తీసుకోండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం అడాప్టర్ రొద చేయదు, కానీ వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేషన్ లేనిదైతే లోడు తక్కువగా ఉన్నప్పుడు రాసిన దానికంటే ఎక్కువ వోల్టేజి ఇచ్చి రౌటర్‌ను చెడగొట్టవచ్చు. ఉన్నదాన్ని విప్పి ఫిల్టర్ కెపాసిటర్లు పెట్టే ఆలోచన చేయకండి, ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రమాదకరమైన వోల్టేజి కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఫెర్రైటే వాడదలిస్తే, వైరు మీద నొక్కి పెట్టే చిన్న పూసతో మీడియం వేవ్‌లో ఫలితం ఆశించవద్దు. ఇంపెడెన్స్, అంటే రొదకు ఎదురయ్యే అడ్డు, చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఒకే చుట్టుతో పోలిస్తే పెద్ద రింగు మీద 8 చుట్లు దాదాపు 64 రెట్లు అడ్డుకుంటాయి. రెండు తీగలనూ కలిపి, అడాప్టర్‌కు వీలైనంత దగ్గరగా చుట్టండి. మిక్స్ 31 అనే ఫెర్రైట్ రకం షార్ట్ వేవ్ దిగువ బ్యాండ్లకు బాగుంటుంది, మీడియం వేవ్‌కు చుట్లు పెంచాలి.

రెండో సమాధానం రాసినవారు

మిగిలిన గరగర బయటిదే. రేడియోతో ఆరుబయటికి వెళ్లి, కడ్డీ కొనతో దిశ చూసి, కాస్త దూరం జరిగి మళ్లీ చూస్తే ఆ రెండు దిశల గీతలు కలిసే చోటు, అంటే మూలం, తెలుస్తుంది. గడియారం చూసి సమయాలు రాసిపెట్టుకోండి: పగలు మాత్రమే ఉంటే సౌర ఇన్వర్టర్‌ను, దీపాలు పెట్టే వేళకు మొదలైతే బల్బులను అనుమానించాలి. పొడి వాతావరణంలో పెరిగి, వాన పడ్డాక తగ్గితే విద్యుత్ స్తంభం మీద వదులైన బిగింపు దగ్గరి నిప్పురవ్వలు కావచ్చు. అటువంటప్పుడు స్తంభాన్ని తాకకుండా, కుదపకుండా, దాని సంఖ్య రాసుకుని విద్యుత్ సంస్థకు తెలియజేయండి.