కార్డు సగమే పనిచేస్తోంది, ఫ్రేమ్స్ పడిపోతున్నాయి. తప్పెక్కడ?

ప్రశ్న: అన్నలూ, నాది రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్కు. పోయిన నెల ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు వేశాను. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్. కౌంటర్ స్ట్రైక్ 2 గేములో స్మోక్ (పొగ బాంబు) పడగానే ఫ్రేమ్స్ (సెకనుకు తెరమీద పడే బొమ్మలు) 70కి పడిపోతున్నాయి. ఆ టైములో కార్డు వాడకం 45 శాతం, ప్రాసెసర్ 50 శాతం. రెండూ సగం ఖాళీయే కదా! దాచుకున్న డబ్బుతో కొన్న కార్డు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కార్డు బాగానే ఉంది తమ్ముడూ, కంగారు పడకు. నిన్ను తికమక పెడుతున్నది ఆ 50 శాతమే. అది ప్రాసెసర్‌లోని 12 థ్రెడ్ల (ఒకేసారి పని సాగే దారుల) సగటు. గేమ్ అసలు భారం ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది. ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తంలో 8 శాతంగానే కనిపిస్తుంది. ఎవరెక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది అని ప్రాసెసర్ లెక్క తేల్చాకే కార్డు బొమ్మ గీస్తుంది. పిండి రుబ్బడం ఆలస్యమైతే పెనం ఎంత కాలినా దోసె పడదు.

రిజల్యూషన్ 720పీకి దించి అదే మ్యాప్ ఆడి చూడు. ఫ్రేమ్స్ పెరగకపోతే ప్రాసెసర్ వైపే సమస్య. బాటిల్‌నెక్ (ఒక భాగం మిగతావాటిని వెనక్కి లాగడం) శాతం చెప్పే క్యాలిక్యులేటర్లను మాత్రం నమ్మకు, గేమ్ మారితే ఆ లెక్కే మారిపోతుంది.

ముందు ర్యామ్ సంగతి చూడు. ఒకే స్టిక్కంటే సింగిల్ ఛానెల్, అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఒకటే దారి; పాత రైజెన్లకు అది పెద్ద దెబ్బ. అలాంటిదే ఇంకోటి వేసి, బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చెయ్యి.

ప్రశ్న అడిగినవారు: 720పీలోనూ అవే ఫ్రేమ్స్ అన్నా. ఫ్రెండ్ దగ్గర స్టిక్కు తెచ్చి పెడితే 70 కాస్తా 90 అయింది. ఇంకా కావాలంటే బోర్డు కూడా మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. ప్రాసెసర్ మారిస్తే చాలు. రైజెన్ 5 5600 కూడా నీ బోర్డులో ఉన్న ఏఎం4 సాకెట్టే, 2600లాగే 65 వాట్లు. పవర్ సప్లై జోలికి పోనక్కర్లేదు. 2600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 8, 8 ఎంబీలుగా చీలి ఉంటుంది, 5600లో 32 ఎంబీ ఒక్కచోటే. గేముల్లో తేడా అక్కడే బాగా తెలుస్తుంది. నా లెక్కలో 3060కి అది సరిజోడు. 5800ఎక్స్‌3డీ అనే ప్రాసెసర్ ఇంకా వేగమే, కానీ ఈ కార్డుకు అంత ఖర్చు దండగ.

మరొకరు: సైబర్‌పంక్ 2077 లాంటివి అల్ట్రాలో ఆడితే కార్డే నిండిపోతుందండి, అక్కడ ప్రాసెసర్ మార్చినా పెద్దగా తేడా రాదు. ఇంకో మాట, కొత్తదాన్ని బోర్డు గుర్తించేలా, పాత ప్రాసెసర్ తీయకముందే బయాస్ అప్‌డేట్ చేసుకోండి. యూపీఎస్ మీద పెట్టి చేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డుకే ఎసరు.