ఒంటరి వృద్ధులకు తోడుగా ఇరుగుపొరుగు బృందం: సలహాలు కావాలి

మాది తెనాలి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా ఇక్కడ ఒంటరిగా మిగిలిన పెద్దవారు మా వీధిలో చాలామంది ఉన్నారు. వారికి మందులు తెచ్చిపెట్టడానికి, ఆసుపత్రికి తోడు వెళ్లడానికి, నవంబరులో పింఛనుదారులు బతికే ఉన్నారని తెలిపే జీవన ప్రమాణ పత్రాన్ని ఫోనులో ముఖ గుర్తింపుతో పూర్తి చేయించడానికి ఇరుగుపొరుగువారమే ఒక బృందంగా ఏర్పడాలనుకుంటున్నాం. వృద్ధుల కోసం 14567 సహాయవాణి ఉన్న మాట నిజమే గానీ, రాత్రివేళ స్నానాలగదిలో కాలు జారి పడినవారికి ముందుగా అందవలసింది పక్కింటి మనిషే కదా!

చిక్కంతా డబ్బు, తాళంచెవుల దగ్గరే వస్తోంది. ఒక పెద్దావిడ మందుల చీటీతోపాటు ఏటీఎం కార్డును, పిన్ నంబరు రాసిన కాగితాన్ని కూడా చేతిలో పెట్టేస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. ఇలాంటి బృందాలను నడుపుతున్నవారు కార్డు ముట్టుకోకుండా మందుల ఖర్చును ఎలా సర్దుతున్నారు? మారు తాళంచెవిని ఎవరి దగ్గర ఉంచుతున్నారు? 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదుకు ఏడుగురు సభ్యులు చాలు. అయితే రిజిస్టరు కాగానే అధ్యక్ష, కార్యదర్శి పదవుల గొడవ మొదలవుతుందని నా భయం. మీరు నమోదు ముందే చేయించారా, కొన్నాళ్లు పని నడిచాక చేయించారా?