అప్‌డేట్: షాఫ్ట్ ఫిట్టింగ్ చేయించుకున్నాను

గోల్ఫ్ మొదలుపెట్టి ఏడాదే అయింది, గోల్ఫ్ కర్రల షాఫ్టులు (పొడవాటి కడ్డీలు) ఇప్పుడే నా కొలతలకు మార్పించుకోవాలా, ఆగాలా అని అడిగాను కదా. స్వింగ్ కుదిరేదాకా ఆగమన్నవాళ్ల మాటే విన్నాను. ఆరు నెలలు కోచ్ దగ్గర నేర్చుకుని మొన్న శనివారం వెళ్లాను.

డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద కర్ర) ఊపే వేగం గంటకు 88 మైళ్లు వచ్చింది. నేను ఇన్నాళ్లూ వాడింది ఆ వేగానికి మరీ గట్టిదైన, తక్కువ వంగే స్టిఫ్ షాఫ్ట్! బంతి ఎప్పుడూ తక్కువ ఎత్తులో కుడివైపుకే పోయేది. కాస్త ఎక్కువ వంగే రెగ్యులర్ బిగించి కొట్టగానే హాయిగా పైకి లేచింది, ప్రాణం లేచొచ్చింది.

ఐరన్ (పలుచటి లోహపు తల ఉన్న కర్ర) అడుగున టేపు అంటించి పలక మీద కొట్టిస్తే గీత టో (తల బయటి కొస) వైపు పడింది. లై కోణం (కడ్డీకీ నేలకీ మధ్య కోణం) 2 డిగ్రీలు పెంచారు. ఆగినందువల్ల వచ్చిన అసలు తేడా నాకు ఇక్కడే తెలిసింది. మొదట్లోనే వెళ్లుంటే ఆ పాత వంకర స్వింగ్‌కే కొలతలు తీసేవాళ్లు. ఆగమన్న అందరికీ చాలా థ్యాంక్స్. వెడ్జ్‌ల (దగ్గరి షాట్లకు వాడే కర్రలు) ఫిట్టింగ్ వచ్చే నెల.