సముద్రం పీహెచ్ 0.1 తగ్గితే ఏమైద్ది? మా చెరువులో రోజూ అంతకంటే ఎక్కువే మారుద్ది

చెరువుగట్టు:
నమస్కారమండి. మాది భీమవరం పక్కన, వనామీ వేస్తాం. నిన్నో వీడియోలో సముద్రం ఆమ్లమైపోతోంది గుల్లలన్నీ పోతాయి అని ఊదరగొట్టేశాడు, తీరా లెక్క చూస్తే ఫ్యాక్టరీలు రాకముందు 8.2 అంట ఇప్పుడు 8.1 అంట. మా చెరువులో తెల్లారుజామున 7.7 ఉన్నది మధ్యాహ్నం మూడింటికి 8.4 అయిద్ది, రొయ్య శుభ్రంగా మేత తింటంది. పైగా 8.1 అంటే ఇంకా క్షారమే కదా? వెటకారం కాదండి, నిజంగానే అడుగుతున్నా.

ట్యూషన్ మాస్టారు:
క్షారమే, కాదనట్లేదు. పీహెచ్ ఏడు దాటితే క్షారం, ఏడు లోపైతే ఆమ్లం. ఆమ్లం వైపు జరుగుతోంది అని అర్థం. కానీ పీహెచ్ లెక్క మామూలు లెక్క కాదండీ, 0.1 తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతం పైనే పెరిగినట్టు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఇంచుమించు పావు వంతు సముద్రమే తాగేస్తోంది. అది నీళ్ళలో కరిగాక అక్కడున్న కార్బొనేట్‌ని పట్టుకుని బైకార్బొనేట్ చేసేస్తుంది, గుల్ల కట్టుకోడానికి కావాల్సింది ఆ కార్బొనేటే. మన పెద్దోళ్ళు గుల్లలు కాల్చి సున్నం చేసేవాళ్ళు కదా, ఆ గుల్లల్లో ఉండే సరుకే.

ఒరెగాన్ తెలుగోడు:
అన్నా నువ్వు హేచరీలో సీడ్, అంటే రొయ్య పిల్ల కొంటావు కాబట్టి నీకు ఇది తొందరగా ఎక్కుద్ది. ఇక్కడ అమెరికాలో మా ఒరెగాన్ తీరాన నేటార్ట్స్ బే అని ఉంది, అక్కడ విస్కీ క్రీక్ అనే ఆల్చిప్పల హేచరీలో 2007, 2008ల్లో పిల్ల కుప్పలు కుప్పలుగా పోయింది. ముందు అందరిలాగే విబ్రియో అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా అనుకున్నారు, ఖర్చు పెట్టి నీళ్ళు శుద్ధి చేశారు, అయినా పోయింది. చివరికి తేలిందేంటంటే ఎండాకాలం ఉత్తరపు గాలి గట్టిగా కొట్టినప్పుడు సముద్రం అడుగు నీళ్ళు పైకొస్తాయి, అవి 30-50 ఏళ్ళ కిందట పైన ఉండి మునిగిన నీళ్ళు, అసలే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, దానికి మన పొగ తోడైంది. ఆల్చిప్ప పిల్ల పుట్టిన రెండు రోజుల్లో మొదటి గుల్ల కట్టుకోవాలి, అప్పటికింకా మేత తినదు, గుడ్డులోని సొన మీదే బతకాలి, పైగా ఆ మొదటి గుల్ల అరగొనైట్, అంటే గుల్ల సరుకులోనే తేలిగ్గా కరిగే రకం. నీళ్ళు బాలేకపోతే ఉన్న శక్తంతా గుల్లకే అయిపోద్ది. అప్పటికప్పుడు చావదు, నీరసపడి పెరుగుదల ఆగిపోద్ది, అందుకే కారణం దొరకడానికి అంత టైం పట్టింది.

నీ చెరువు లెక్క వేరు. నువ్వు సున్నం, డోలమైట్ చల్లి ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, కాపాడుకుంటావు. సముద్రానికి ఎవడు చల్లుతాడు?

చెరువుగట్టు:
విబ్రియో అన్నారు చూడండి, మాకూ ఏది పోయినా ముందు దాని మీదికే పోద్ది మనసు 😀 మరి వాళ్ళేం చేశారు?

ఒరెగాన్ తెలుగోడు:
నువ్వు చేసేదే! ట్యాంకులోకొచ్చే నీళ్ళలో సోడియం కార్బొనేట్, అదే మన బట్టల సోడా, కొలిచి కలుపుతారు. ఇంకోటి, నీళ్ళు పొద్దున తోడరు, మధ్యాహ్నం తోడతారు. ఆ బే అడుగున సముద్రపు గడ్డి ఉంటుంది, పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు చూశా, నీళ్ళు వెనక్కెళ్తే వరి చేను పడిపోయినట్టు పచ్చగా పరుచుకుని ఉంటది. పగలు అది కార్బన్ డయాక్సైడ్ లాగేస్తే పీహెచ్ లేస్తది, అచ్చం నీ చెరువు నీళ్ళని పచ్చగా చేసే ప్లాంక్టన్ లాగే.

నత్తగుల్ల:
ఒక్క మాట. చేపలు వాసన పట్టలేక శత్రువు నోట్లోకే పోతాయని వీడియోల్లో చెప్తారు, అది మాత్రం నమ్మేయకండి. 2009లో క్లౌన్ ఫిష్ మీద అలా వచ్చింది నిజమే, కానీ 2020లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వేరే టీం మళ్ళీ చేసి చూస్తే అలాంటి ప్రభావం కనపడలేదు. గుల్ల సంగతి మాత్రం గట్టిదే. ఇటలీలో ఇస్కియా దీవి దగ్గర సముద్రం అడుగు నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలొచ్చే చోట గుల్లలు, పగడాలు తగ్గిపోయి గడ్డి మాత్రం ఏపుగా పెరిగింది.

చెరువుగట్టు:
అయితే గడ్డికి పండగన్నమాట. రేపు సీడ్‌కి వెళ్తున్నా, హేచరీ టెక్నీషియన్‌ని ఏ టైంలో నీళ్ళు తోడతారో అడిగొస్తా.