మేజర్ ఇంకా తేల్చుకోలేదు, కాల్క్యులస్ డ్రాప్ చేయొచ్చా?

కొత్త విద్యార్థి, రిచర్డ్‌సన్:
అందరికీ నమస్తే. ఆగస్టులో హన్మకొండ నుంచి యూటీ డాలస్‌కి వచ్చిన. ఎఫ్-1 స్టూడెంట్ వీసా, బీఎస్ ఫస్టియర్. సీఎస్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్, కంప్యూటర్ ఇంజనీరింగ్, డేటా సైన్స్‌లో ఏది మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా) తీసుకోవాలో అర్థమైతలేదు. కాల్క్యులస్ మస్తు కష్టంగా ఉంది.

ఫ్రిస్కో:
తమ్ముడూ, ఎంసెట్ కౌన్సెలింగ్ అనుకుని కంగారుపడకు. సీఎస్, సాఫ్ట్‌వేర్ మొదటి రెండేళ్లూ దాదాపు ఒకటే: ప్రోగ్రామింగ్, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్. కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో సర్క్యూట్లుంటాయి, అటు మనసుంటే ఫిజిక్స్ వాయిదా వేయకు. డేటా సైన్స్ అంటే సగం స్టాటిస్టిక్సే. కాల్క్యులస్ నాలుగింటికీ కావాలి. అదంతా సరే, కారు కొన్నావా? డార్ట్ బస్సును నమ్ముకుంటే కష్టం.

ఇర్వింగ్:
బాబూ, మేజర్ తర్వాత. డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) ఒప్పుకోకుండా సెమిస్టర్‌లో 12 క్రెడిట్ల కిందకి దిగావంటే ఎఫ్-1 స్టేటస్ పోతుంది. ఆ 12లో ఆన్‌లైన్ కోర్సులు ఒకటికి మించి లెక్కలోకి రావు. మా అక్క కొడుకు వేరే ఊళ్లో ఇలాగే ఇరుక్కున్నాడు. అడ్వైజరు "చేసుకో, ఏం కాదు" అంటే పోర్టల్‌లో డ్రాప్ నొక్కాడు, 11కి పడ్డాడు. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ సిస్టమ్) రికార్డు టెర్మినేట్ చేస్తామని మెయిలొచ్చింది. అడ్వైజరేమో వీసా సంగతి మాకు తెలీదంటాడు, ఇంటర్నేషనల్ ఆఫీసేమో ముందే ఎందుకు అడగలేదంటుంది. ఆ మెయిలు ప్రింటు పట్టుకుని పిల్లాడు రెండు బిల్డింగుల మధ్య తిరిగాడు. చివరికి అక్టోబర్‌లో మొదలయ్యే ఎనిమిది వారాల కోర్సులో సీటు దొరికి బతికిపోయాడు. పైగా టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో డిగ్రీ మొత్తానికి ఆరు డ్రాపులే. 2007 నుంచీ ఇదే రూలు.

ఫ్రిస్కో:
సెమిస్టర్‌లో క్లాసులు మొదలయ్యాక 12వ రోజు లోపు కోర్సు తీసేస్తే ఆ ఆరులోకి రాదండీ. పిల్లాణ్ణి భయపెట్టకండి.

ఇర్వింగ్:
ఆ రోజు సెప్టెంబర్లోనే దాటిపోయింది సార్. క్యాలెండర్ చూసి మాట్లాడండి.

ఆస్టిన్:
ఏఐ వచ్చాక ఇంకా సీఎస్ ఏంటండీ? ఎంఐఎస్ (బిజినెస్ వైపు ఐటీ చదువు) తీసుకో, హాయిగా ఉంటుంది.

ఫ్రిస్కో:
హాయి మీకు, గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి. తమ్ముడూ, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 ఫారం మీద సిప్ కోడ్ (మేజర్‌కి ఇచ్చే నంబరు) చూసుకో. సీఎస్ 11.0701, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉంది. చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే 12 నెలల ఓపీటీ మీద ఇంకో 24 నెలలు వస్తాయి. 52తో మొదలయ్యే బిజినెస్ కోడ్లలో కొన్ని మాత్రమే ఆ లిస్టులో ఉంటాయి.

కొత్త విద్యార్థి:
థ్యాంక్సన్నా. సోమవారం డీఎస్ఓని కలుస్త. డ్రాప్ చేయను, ట్యూటరింగ్ సెంటర్‌కి పోత. కారు లేదు.

ప్లానో:
కోయిట్ రోడ్డు దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో ఒక రూమ్ ఖాళీ. వెజ్ మాత్రమే.