మొదటి ఏడాదిలోనే హ్యాంగ్‌బోర్డు: చేయొచ్చా, ఆగాలా?

గుట్టలబాట:
నాకు 27 ఏళ్లు. క్లైంబింగ్ జిమ్‌లో గోడలు ఎక్కడం మొదలుపెట్టి ఇంకా ఏడాది కాలేదు. నిటారు గోడల మీద ఫర్వాలేదు గానీ, ముందుకు వంగిన గోడ మీద సన్నటి అంచు తగిలితే వేళ్లు విచ్చుకుపోతున్నాయి. వేళ్ల బలం కోసం సన్నటి అంచులు పట్టుకుని వేలాడే పలక, అదే హ్యాంగ్‌బోర్డు, కొంటానంటే సీనియర్లు రెండేళ్ల దాకా దాని జోలికి పోవద్దంటున్నారు. యూట్యూబ్‌లోనేమో మొదటి నెల నుంచే చేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఏకశిల:
సీనియర్ల మాటే వినండి. వేళ్లలో కండ ఉండదు. పట్టు బలమంతా ముంజేతి కండరాలది, అది టెండన్ల (కండను ఎముకకు కలిపే తాళ్ల లాంటి నరాల) మీదుగా వేళ్లకు అందుతుంది. ఆ టెండన్లను ఎముకకు అంటిపెట్టి ఉంచే పట్టీలే పుల్లీలు. కండ కొన్ని వారాల్లోనే బలపడుతుంది. టెండన్లకూ పుల్లీలకూ రక్తప్రసరణ తక్కువ, వాటికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. కండ ముందుకు పోయి ఇవి వెనకబడినప్పుడే ఉంగరపు వేలి మొదట్లో ఉండే ఏ2 పుల్లీ టప్పున తెగుతుంది.

ఇంకో మాట. భువనగిరి గుట్ట లాంటి ఏటవాలు గ్రానైట్ మీద వేళ్లతో పనేముంది? మడమ దించి, షూ రబ్బరు రాతికి బాగా ఆనించి, బరువు కాళ్ల మీద వేయడం రావాలి. అది రాకుండా వేళ్ల బలం పెంచుకుంటే ప్రతిదీ చేతులతో లాగేయడం అలవాటైపోతుంది.

సున్నపుచేతులు:
పుల్లీల గురించి ఏకశిల గారు చెప్పిందంతా సరైనదే. సరిగ్గా ఆ కారణంతోనే నేను హ్యాంగ్‌బోర్డు మొదలుపెట్టమంటాను.

ఓవర్‌హ్యాంగ్ మీద, అంటే ముందుకు వంగిన గోడ మీద, కొత్తవాళ్లను గమనించండి. కాలు జారుతుంది. ఒంటి బరువంతా ఒక్క కుదుపుతో ఒకే చేతి మీద పడుతుంది. ఆ కంగారులో బొటనవేలు చూపుడువేలి మీదికెక్కి ఫుల్ క్రింప్ పట్టేస్తారు. నడిమి కణుపు బాగా మడిచి, చివరి కణుపును వెనక్కి విరిచే ఆ పట్టులోనే ఏ2 మీద ఒత్తిడి ఎక్కువ. అప్పుడు ఎంత బరువు పడిందో ఎవరికీ తెలియదు. హ్యాంగ్‌బోర్డు మీద అంతా మన చేతిలోనే ఉంటుంది: 20 మిల్లీమీటర్ల అంచు, హాఫ్ క్రింప్ (బొటనవేలు ఎక్కించకుండా నడిమి కణుపు సగం మడిచిన పట్టు), పాదాలు నేల మీద. వేలు చురుక్కుమంటే బరువు కాళ్ల మీదికి తీసుకోవడమే.

చాలామంది మనసులో హ్యాంగ్‌బోర్డు, క్యాంపస్ బోర్డు ఒకటైపోయాయి. క్యాంపస్ బోర్డు జర్మనీలో క్లైంబర్ వోల్ఫ్‌గాంగ్ గూలిష్ 1988లో న్యూరెంబర్గ్‌లోని ఒక జిమ్‌లో పెట్టింది. కాళ్లు గాల్లోనే ఉంచి చెక్క పట్టీల మీదుగా చేతులతో పైకి ఎగబాకడం. 1991లో ఆ దేశంలోని ఫ్రాంకెన్‌యురా కొండల్లో యాక్షన్ డైరెక్ట్ అనే చాలా కష్టమైన రూటు ఎక్కడానికి ఆయన చేసిన సాధన అది. ఆ స్థాయి సాధనను చూసి పెట్టుకున్న భయాన్ని, నేల మీద నిలబడి పది సెకన్లు అంచు పట్టుకునే మనిషికి అంటగట్టకూడదు.

స్వీడన్ క్లైంబర్ ఎమిల్ అబ్రహామ్‌సన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి కొత్తవాళ్లకు సరిపోతుంది. 10 సెకన్లు పట్టు, 50 సెకన్లు విశ్రాంతి, మొత్తం 10 నిమిషాలు. రోజుకు రెండుసార్లు, మధ్యలో కనీసం 6 గంటల ఎడం. ఎప్పుడూ సగం బలానికి మించకూడదు. నడుముకు బరువు కట్టుకుని వేలాడే మ్యాక్స్ హ్యాంగ్స్ మాత్రం ఇప్పుడే వద్దు. అక్కడ ఏకశిల గారితో నాకు పేచీ లేదు.

పిల్లలతో_గుట్టకు:
మా అబ్బాయికి 14. వాడూ బోర్డు కావాలని ఒకటే గొడవ. పెట్టించొచ్చా అండీ?

సున్నపుచేతులు:
ఇప్పుడే వద్దండీ. ఎదిగే వయసులో వేలి ఎముక చివర ఉండే గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే మెత్తటి చోటు) ఇంకా గట్టిపడదు. పెద్దవాళ్లకు పుల్లీ తెగేంత ఒత్తిడికి పిల్లలకు అక్కడ ఎముక చిట్లుతుంది, ఎక్కువగా నడిమి వేలి నడిమి కణుపు దగ్గర. ఆ కణుపు పైవైపు నొప్పి అన్నాడంటే వెంటనే ఎక్కడం ఆపించి డాక్టరుకు చూపించండి. "బెణికిందిలే" అని వదిలేయకండి. ఫుల్ క్రింప్ కూడా మాన్పించండి.

ఏకశిల:
పిల్లల సంగతి ఒప్పుకుంటాను. పెద్దల విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. సగం బలంతో చేయమంటారు, సరే. జిమ్‌లో కుర్రాళ్లు రెండో వారానికే కాళ్లు ఎత్తేస్తారు, మూడో వారానికి పక్కవాడితో పందెం కాస్తారు. వారానికి మూడుసార్లు గోడ ఎక్కి, దానికి తోడు ఇదీ చేస్తే వేళ్లకు విశ్రాంతి ఎప్పుడు?

సున్నపుచేతులు:
పందేలు నేనూ చూస్తున్నాను, బాధేస్తుంది కూడా. అయితే వద్దని చెప్పి వదిలేస్తే ఆ కుర్రాడు ఎవరినీ అడక్కుండా మొదలుపెడతాడు. ఎంత బరువు, ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి అన్నది మీలాంటి సీనియర్లు పక్కన నిలబడి చెప్తే వింటాడు. గట్టిగా ఎక్కిన రోజు బోర్డు సెషన్ మానేయమనండి. భువనగిరిలో కాళ్లే ముఖ్యమన్నది నిజమే గానీ, గుట్టలబాట అడిగింది ఓవర్‌హ్యాంగ్ గురించి.

గుట్టలబాట:
నాది అద్దె ఇల్లు. ఓనర్ గోడకు డ్రిల్ పెట్టనివ్వరు. వేరే దారి ఉందా?

సున్నపుచేతులు:
ఉంది. 20 మిల్లీమీటర్ల అంచు ఉన్న చిన్న చెక్క బ్లాకుకు తాడు కట్టి, పిడి ఉన్న 20 లీటర్ల నీళ్ల క్యాన్‌కు తగిలించండి. లీటరు నీళ్లంటే కిలో కాబట్టి బరువు మీకు తెలుస్తూనే ఉంటుంది. ఐదారు లీటర్లతో మొదలుపెట్టండి. నిటారుగా నిలబడి, హాఫ్ క్రింప్‌లో పట్టి, క్యాన్‌ను నేల నుంచి రెండంగుళాలు మాత్రం లేపి, పది సెకన్లు ఉంచి మెల్లగా దించండి. కుదుపు పనికిరాదు. తేలిగ్గా అనిపించాకే ఇంకో లీటరు పోయండి. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుని ఉంటే ఆ రోజు మానేయండి. బ్లాకు అంచు పదునుగా ఉంటే సాండ్‌పేపర్‌తో గుండ్రంగా రుద్దుకోండి, లేదంటే వేళ్ల చర్మం లేచిపోతుంది.